సంతకం పెట్టకముందే లాయరు దగ్గరికి రండి
(వార్షిక మహాసభలో న్యాయవాది ప్రసంగ పాఠం)



నేను వికలాంగుల ఉద్యోగ కేసులు వాదిస్తాను. మా దగ్గరికి చాలామంది ఆలస్యంగా వస్తారు. అప్పటికే "ఇష్టపూర్వకంగా మానుకుంటున్నాను" అన్న కాగితం మీద సంతకం పెట్టేసి ఉంటారు. ఆ సంతకం ఉంటే మా పని చాలా కష్టమైపోతుంది.

2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ఏమంటుందంటే, సర్కారు ఉద్యోగంలో ఉండగా వైకల్యం వచ్చిందని మనిషిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు. ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పని ఇవ్వాలి. ఈ రక్షణ ప్రైవేటు కంపెనీలకు లేదు. అక్కడ వివక్ష జరిగితే వికలాంగుల కమిషనర్‌కు ఫిర్యాదు పెట్టాలి.

తెలంగాణ ఆర్టీసీలో ఒక డ్రైవర్ ఉన్నాడు. రంగులు గుర్తుపట్టలేడని పరీక్షలో తేలింది, ఇంటికి పంపించేశారు. వేరే పని ఇవ్వమన్నాడు, ఇవ్వలేదు. కోర్టుకెక్కాడు. 2025 ఆగస్టు 1న సుప్రీంకోర్టు అదే జీతం స్థాయిలో తగిన ఉద్యోగం ఇమ్మంది, పోయిన జీతంలో 25 శాతం కట్టమంది. ఏళ్లు పట్టింది, అబద్ధం చెప్పను.

ఫీజు ఎక్కడ తెచ్చేదీ అంటారా? దీనికోసం సంఘంలో లోను తీయకండమ్మా. స్త్రీలకూ వికలాంగులకూ, ఆదాయం ఎంతున్నా, ఉచితంగా లాయరును ఇవ్వాలని 1987 చట్టంలోనే ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి, లేదా 15100కు ఫోన్ చేయండి. సదరం సర్టిఫికెట్, నియామక పత్రం, జీతం చీటీలు, డాక్టరు రాసిన కాగితాలు వెంట తీసుకెళ్లండి. జిరాక్సులు ఇవ్వండి, అసలువి మీ దగ్గరే ఉంచుకోండి.