ఒంటె మెడ – పైడికంటె చూపు



నిన్నటి సాయంకాలము ఈ బత్తలపల్లెలో, ఆలయము చెంతనున్న చింతచెట్టు తొఱ్ఱలోని పైడికంటెపై బాలురు రాళ్లు రువ్వుచుండగా చూచితిని. "అది అరిచిన కీడు స్వామీ!" అనిరి. అందుచేత ఆ చిన్న గుడ్లగూబను, ఎడారి ఒంటెను ప్రక్కప్రక్కన నిలిపి నాలుగు మాటలు మనవి చేయుదును.

ఈ రెండును నీటి కరవులో బ్రతుకనేర్చిన ప్రాణులే. ఒంటె పావుగంటలో సుమారు 100 లీటర్ల నీరు త్రాగగలదు. దాని మూపురములోనున్నది నీరు కాదు, క్రొవ్వు. త్రాగిన నీటిని చెమటగా పోనీయక పొదుపు చేయుటే దాని నేర్పు. పైడికంటె జానెడు పక్షి. దానికి నిల్వ లేదు. పురుగులను, ఎలుకలను తిని, వానిలోని తడితోనే చాలవరకు దాహము తీర్చుకొనును.

ఇందులో ఏది గొప్పది? మహాభారతము చూడుడు. శాంతిపర్వమున భీష్ముడు ధర్మరాజునకు చెప్పిన కథ యొకటి కలదు. ఒక ఒంటె తపస్సు చేసి, కదలక మేయుటకై నూరు యోజనముల మెడను బ్రహ్మవలన వరముగా పొందెను. పిదప సోమరియై, వానకు తలను గుహలో దూర్చగా, ఆకలిగొన్న నక్క ఆ మెడను కొరికి తినెను. సౌప్తికపర్వమున గుడ్లగూబ కలదు. నిద్రించు కాకులను అది చంపుట చూచి, అశ్వత్థామ నిద్రించు వీరులను చంపుట నేర్చెను. పక్షికి పాపము లేదు. పాపమును నేర్చినవాడు మనుష్యుడు.

నాయనలారా! ఏటికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు ఈ సీమలో మన బోరుబావులు ఆ ఒంటె మెడవంటివి. ఏటేట వాని లోతు పెంచుచున్నాము. చెఱువులో పూడిక తీయుట మరచితిమి. వరము దొరకినదని కాళ్లు కదపనివానికి ఆ ఒంటె గతియే పట్టును.

ఇక పైడికంటె రాత్రియెల్ల మన వేరుశనగ చేలలో ఎలుకలను పట్టుచున్నది. కూలి అడుగదు. వంగదేశమున గుడ్లగూబను లక్ష్మీవాహనమని పూజింతురు. అట్టిదానిని ధనాశతో దీపావళినాడు క్షుద్రపూజలకు బలియిచ్చువారును కలరు! 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము దానిని నేరమనుచున్నది. ధర్మము అంతకు ముందే అనినది.

కావున వానలకు ముందే చెఱువునకు తట్టయు పారయు పట్టుడు. తొఱ్ఱయున్న ముసలి చింతను కొట్టకుడు. ఆ బాలురకు నేను చెప్పినదియు ఇదియే. వారు చేతిలోని రాళ్లను క్రింద విడిచిరి.

స్వస్తి.