విషమును పట్టి యిచ్చిన విద్య
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాస పాఠము)

  

ఒక పల్లెలో పుస్తకాల బీరువాను ఇరువదియైదేండ్లపాటు మూతపడకుండ కాపాడుట సామాన్యమైన పని కాదు. ఆ పనిని నిర్వహించిన పెద్దలకు ముందుగా నా నమస్కారములు. ఇట్టి ఉత్సవములలో గ్రంథమును స్తుతించుట ఆచారము. నేను మాత్రము నేడు ఒక ఆక్షేపణకు సమాధానము చెప్పదలచితిని. “చదువుకొన్నవాడు చెడిపోలేదా? పుస్తకములోని విద్య దుర్మార్గునికి కూడ ఉపయోగపడుటలేదా?” అని మనలో కొందరడుగుచుందురు. ఈ ప్రశ్న నిరాధారమైనది కాదు. అందుచేత, ఆక్షేపించువారికి మిక్కిలి అనుకూలముగా కన్పట్టు ఉదంతమునే ఎన్నుకొని మీ ముందుంచుచున్నాను. ఇది 1971వ సంవత్సరమున ఇంగ్లండు దేశములో జరిగినది.

లండను నగరమునకు వాయవ్యముగా హెర్ట్‌ఫర్డ్‌షైరు అను మండలమున బోవింగ్డన్ అను గ్రామము కలదు. అచట జాన్ హాడ్‌ల్యాండ్ అను సంస్థవారు మిక్కిలి వేగముగా చిత్రములు తీయు కెమెరాలు మున్నగు పరికరములు తయారు చేయుచుండిరి. 1971 మే మాసములో ఆ సంస్థ సామాను గదిలో సహాయకుడుగా ఒక యువకుడు చేరెను. వాని పేరు గ్రేహామ్ యంగ్. వయస్సు ఇరువది మూడేండ్లు. మితభాషి, పనిలో శ్రద్ధ గలవాడు. సంస్థలో టీ బండి వచ్చినపుడు సామాను గదిలోని వారి టీ కప్పులు తెచ్చి యిచ్చుట వానికి అలవాటయ్యెను. ఎవరి కప్పు వారికి వేరుగా ఉండెడిది.

కొలది వారములలోనే సామాను గది అధికారి జబ్బుపడెను. కడుపునొప్పి, వాంతులు, పిదప కాళ్ళు తిమ్మిరెక్కుట, నడువలేకపోవుట. చివరకు 1971 జూలై 7వ తేదీన ఆయన మరణించెను. నరములకు వచ్చిన ఒక అరుదైన వ్యాధియని వైద్యులు నిర్ణయించిరి. దేహమును దహనము చేసిరి. ఆ అంత్యక్రియలకు సామాను గది పక్షమున యంగ్ హాజరయ్యెను.

పిమ్మట మరికొందరు జబ్బుపడిరి. కొందరికి పాదములు దుప్పటి బరువునైనను ఓర్వలేనంతగా నొప్పిపెట్టెను. తలవెండ్రుకలు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోవ నారంభించెను. గ్రామమున వదంతులు పుట్టెను. ఏదో కొత్త పురుగు సోకినదని కొందరు, నీరు చెడినదని కొందరు, సమీపమున పాడుపడిన విమానాశ్రయమునుండి అణుధార్మిక పదార్థమేదో వచ్చుచున్నదని మరికొందరు చెప్పుకొనిరి. ‘బోవింగ్డన్ పురుగు’ అని ఆ జబ్బుకు పేరు కూడ పెట్టిరి. 1971 నవంబరు 19వ తేదీన రెండవ ఉద్యోగి లండనులోని ఆసుపత్రిలో మరణించెను.

ఇచట ఒక్క విషయము గమనింప ప్రార్థన. ఆ వైద్యులు అజ్ఞానులు కారు. అవి మంచి ఆసుపత్రులు. అయినను ఆ లక్షణములకు మూలమేమో వారికి తోచలేదు. దానిని సంపూర్ణముగా ఎరిగినవాడు ఆ కర్మాగారమున ఒక్కడే ఉండెను. అతడు మాటాడలేదు.

ఆ మూలము థాలియము అను లోహము. 1861లో విలియం క్రూక్స్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞుడు దానిని కనుగొనెను. దాని లవణములు నీటిలో కరగును. వానికి రంగు లేదు, రుచి లేదు, వాసన లేదు. దేహము దానిని పొటాసియము అని భ్రమించి లోపలికి గైకొనును. ఆ పిమ్మట నరములు చెడును. రెండు మూడు వారములకు జుట్టు ఊడును. పూర్వము పలు దేశములలో ఎలుకల మందుగా వాడబడినది. సామాన్య వైద్యుడు తన జీవితమున ఒక్కమారైనను ఈ విషము సోకిన రోగిని చూచుట అరుదు. వెంటనే గుర్తించినచో, ప్రష్యన్ బ్లూ అను నీలివర్ణపు పొడిని కడుపులోనికిచ్చి విషమును బయటికి పంపవచ్చును.

రెండవ మరణముతో సంస్థలో భయము ప్రబలెను. సంస్థ వైద్యుడు ఉద్యోగులను సమావేశపరచి ధైర్యము చెప్పి, సందేహములున్నచో అడుగుడనెను. అప్పుడు యంగ్ లేచి, ఈ లక్షణములు థాలియము వలన కలుగునవి కావా, ఆ సంగతి ఏల విచారింపలేదు, అను తీరున ప్రశ్నింప సాగెను. వైద్యుడు ఆశ్చర్యపడెను. తరువాత వానితో ఏకాంతముగా మాటాడి చూడగా, విషముల విషయమున సామాను గది సహాయకునికి ఉండదగినదానికంటె మిక్కుటమైన పాండిత్యము కన్పట్టెను.

ఆ వైద్యుడు అప్పుడు చేసిన పని ప్రశంసనీయము. “ఇతడే హంతకుడు” అని సభలో కేకవేయలేదు. వదంతిని పుట్టింపలేదు. తాను చూచినదానిని యజమానులకు తెలిపెను; వారు పోలీసులకు తెలిపిరి. పోలీసులు జబ్బులు మొదలైన తేదీలను, ఉద్యోగులు పనిలో చేరిన తేదీలను పోల్చి చూచిరి. యంగ్ రాక, జబ్బుల రాక ఒకదాని వెంట ఒకటిగా నుండెను. వెంటనే స్కాట్లండు యార్డునందలి పాత నేరముల దస్త్రములను విచారింపగా అసలు సంగతి బయటపడెను.

ఈ యువకుడు పదునాలుగేండ్ల ప్రాయముననే, 1962లో, తండ్రికి, సోదరికి, తోటి విద్యార్థికి విషము పెట్టిన నేరమునకై బ్రాడ్‌మూరు అను మానసిక వైద్యశాలకు పంపబడినవాడు! పదునైదేండ్లు ఉంచవలెనని న్యాయస్థానము నిర్దేశింపగా, నయమైనదని వైద్యులు చెప్పుటచే 1971 ఫిబ్రవరిలోనే విడుదలయ్యెను. పనిలో చేర్చుకొన్న సంస్థవారికి, ఇతనికి పూర్వము మానసిక వ్యాధి యుండి నయమైనదని మాత్రము తెలిసెను. అతడు చేసిన నేరము విషప్రయోగమను మాట వారికి చేరలేదు.

1971 నవంబరు 20వ తేదీ రాత్రి కెంట్ మండలమునందలి షీర్‌నెస్‌లో పోలీసులు యంగ్‌ను నిర్బంధించిరి. వాని వద్దనే విషము దొరకెను. వాని అద్దె గదిలో విషపు సీసాలును, ఒక దినచర్య పుస్తకమును లభించెను. అందులో తోటివారి పేర్ల పొడి అక్షరములు, ఎవరికి ఎంత మోతాదు ఇచ్చినది, వారికేమయినది వ్రాయబడియుండెను. అది తాను వ్రాయదలచిన నవలకు సంబంధించినదని అతడు న్యాయస్థానమున వాదించెను.

మొదటి మృతుని దేహము అప్పటికే దహనమైపోయెను గదా! సాక్ష్యమెక్కడిది? థాలియము లోహము గనుక దాని జాడ అగ్నికి పూర్తిగా నశింపలేదు. భద్రపరచిన చితాభస్మమును పరీక్షింపగా అందు 9 మిల్లిగ్రాముల థాలియము కన్పట్టెను. భస్మము సాక్ష్యము చెప్పిన హత్యా విచారణలు మిక్కిలి అరుదు. 1972 జూన్ 29వ తేదీన సెయింట్ ఆల్బన్స్ న్యాయస్థానమున యంగ్ రెండు హత్యలకు, రెండు హత్యాప్రయత్నములకు, మరియిద్దరికి విషమిచ్చుటకు దోషిగా నిర్ణయింపబడి, యావజ్జీవ కారాగార శిక్ష పొందెను. 1990లో పార్క్‌హర్స్ట్ కారాగారముననే మరణించెను. ఇట్టి రోగులను విడుదల చేయు పద్ధతిని పరిశీలించుటకు ఆర్వోల్డ్ సంఘము ఏర్పడి 1973లో తన నివేదికను సమర్పించెను. విడుదలకు ముందు అదనపు పరిశీలన జరుగవలసిన ఏర్పాటు దానినుండియే వచ్చినది.

ఇక మన ప్రశ్నకు వత్తము. యంగ్ బాల్యమునుండియు విషశాస్త్ర గ్రంథములు చదివినవాడే. “చూచితిరా, పుస్తకము చేసిన పని!” అని ఆక్షేపకులు అనవచ్చును. కాని జరిగినదానిని క్రమముగా చూడుడు. రెండు ప్రాణములు పోవుటకు కారణము, తెలిసినవాడు ఒక్కడే యగుటయు, తక్కినవారికి తెలియకపోవుటయు. వైద్యులకు ఆ విషపు లక్షణములు స్ఫురింపలేదు. యజమానులకు ఆ మనుష్యుని పూర్వవృత్తాంతము అందలేదు. గ్రామస్థులకు నిజము తెలియక వదంతియే మిగిలెను. ఒక కాగితము ఒక కార్యాలయమునుండి మరియొక కార్యాలయమునకు పోయియుండినచో, ఆ టీ కప్పు వాని చేతికి వచ్చియుండెడిదే కాదు. విద్య ఒకని పెట్టెలో దాగినపుడు విషమైనది. అది నలుగురిలోనికి వచ్చిన ఒక్క దినముననే హంతకుడు చిక్కెను.

దీనికి మారుగా మరియొక ఉదంతమున్నది. ఆంగ్ల రచయిత్రి అగాథా క్రిస్టీ మొదటి ప్రపంచ యుద్ధ కాలమున ఆసుపత్రి ఔషధశాలలో పనిచేసి మందుల గుణములు నేర్చినది. 1961లో ‘ది పేల్ హార్స్’ అను నవలలో థాలియము లక్షణములను ఆమె వర్ణించినది. 1977లో కతారు దేశమునుండి ఒక పసిబిడ్డను లండను నగరమునకు తెచ్చిరి. రోగమేమో వైద్యులకు తెలియలేదు. బిడ్డ నానాటికి క్షీణించుచుండెను. బిడ్డ దగ్గర కాపలాయున్న ఒక నర్సు ఆ నవలను చదువుచుండెను. పుస్తకములోని లక్షణములును, తన కన్నుల ఎదుటి బిడ్డ జుట్టు ఊడుటయు ఒక్కటే యని ఆమెకు తోచి, వైద్యులకు విన్నవించెను. వారు ఆమె మాటను తోసివేయక పరీక్ష చేయించిరి; థాలియము తేలినది. ఇంటిలో పురుగులను, ఎలుకలను చంపుటకు ఉంచిన మందే దానికి మూలము. బిడ్డ బ్రదికెను. ఆ వైద్యులు తమ వైద్య పత్రికా వ్యాసమున రచయిత్రికిని నర్సుకును కృతజ్ఞత తెలిపిరి.

విషము ఒక్కటే, దానిని గూర్చిన విద్యయు ఒక్కటే. ఒక్కడు దాచుకొన్నపుడు చంపినది. కాలక్షేపమునకు చదువు నవలగా నలుగురి చేతులలో తిరిగినపుడు బ్రదికించినది.

సోదరులారా! ఈ కథ మనకు దూరమైనది కాదు. మన పల్లెలలో పురుగు మందు లేని ఇల్లు ఎన్ని గలవు? దానిని మంచినీటి సీసాలోనికి వంచి, చీటీ లేకుండ అటకమీద పెట్టువారు లేరా? ఒకే కూలి ముఠాలో నలుగురు కూలబడినపుడు, వారు తాగిన నీరెక్కడిది, పిచికారి చేసిన మందేది అని అడుగుటకు ముందే చేతబడియనియు, బాణామతియనియు అనువారు లేరా? ఆ మాటకు అమాయకులు దెబ్బలు తినుట, ప్రాణములు సైతము కోల్పోవుట మన తెలుగునాట జరిగినదే. బోవింగ్డన్ గ్రామస్థులు పురుగును నిందించిరి. మనము మనుష్యుని నిందింతుము. అదియే మరింత ప్రమాదము.

కావున మన గ్రంథాలయమునకు ఒక మనవి. నవలల ప్రక్కనే ఒక అరలో, పురుగు మందుల పేర్లు, వాని లక్షణములు, తక్షణము చేయవలసిన పనులు తెలుపు తెలుగు పుస్తకములు, కరపత్రములు ఉంచవలెను. ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థలో 1995నుండి జాతీయ విష సమాచార కేంద్రమొకటి పనిచేయుచున్నది. దాని సంగతి ప్రతి వైద్యునికి, ప్రతి ఉపాధ్యాయునికి తెలియునట్లు గోడపై వ్రాయించవలెను. రోగిని ఆసుపత్రికి కొనిపోవునపుడు మందు సీసాను కూడ వెంట తీసికొని పోవలెనను చిన్న మాట చదువురాని వారికి చదివి వినిపించవలెను. అనుమానము కలిగినపుడు నోటితో నిందింపక, తేదీలు, తిన్నది, తాగినది కాగితముమీద వ్రాసి వైద్యునికిని పోలీసులకును అందజేయవలెను. ఆ కాగితమే నేరస్థుని పట్టించును, నిరపరాధిని కాపాడును.

1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘమును స్థాపించిన అయ్యంకి వేంకటరమణయ్యగారు మొదలగు పెద్దలు ఊరూర పుస్తకము ఉండవలెనని శ్రమించినది అలంకారమునకు కాదు. తెలిసినవాడు ఒక్కడే యుండిన ఊరు భయము క్రింద బ్రదుకును. అందరికి తెలిసిన ఊరిలో ఆ ఒక్కనికి దాగుటకు చోటుండదు. ఈ బీరువా తలుపులు మరి ఇరువదియైదేండ్లు తెరిచియుండుగాక!