కమాన్ కట్టలు - మా సైన్స్ సారు
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం)

 

ఇప్పటిదాకా ఈ మైకు ముందు డాక్టర్లు, లెక్చరర్లు, అమెరికా నుంచి వచ్చినవాళ్లు మాట్లాడారు. నేను పదో తరగతి లెక్కల్లో తప్పి, ఇదే మెదక్‌లో మెకానిక్ షెడ్డుకు పోయినవాణ్ని. సార్లు ఎదురొస్తే చాలా ఏండ్లు సందులోకి తప్పుకున్నాను. కమిటీవాళ్లు మాట్లాడమంటే నాకు తెలిసింది కమాన్ కట్టల గురించే అన్నాను. అదే చెప్పమన్నారు.

కమాన్ అంటే ఉర్దూలో విల్లు. లారీ వెనక చక్రం దగ్గర వంగి చూడండి. ఒకదాని కింద ఒకటి పేర్చిన ఉక్కు పట్టీలు, పైది పొడుగు, కిందికి పోయినకొద్దీ పొట్టి. వంపు భారం మధ్యలో ఎక్కువ పడుతుంది కాబట్టి పట్టీలు అక్కడే ఎక్కువ. విరిగిన పట్టీని మన దిక్కు ఎవరూ పారేయరు. కమ్మరి కొలిమిలో అది గొడ్డలి అవుతుంది, కొడవలి అవుతుంది. నేను పని నేర్చింది అంబాసిడర్ల మీద. వాటికీ వెనక కమాన్లే. 2014లో ఆ కారు తయారీ ఆగిపోయినప్పుడు మా వస్తాద్ ఆ పూట అన్నం తినలేదు.

ఇక అసలు సంగతి. మన బ్యాచ్ వాడే ఒకడు, ఈ హాల్లోనే ఉన్నాడు, పేరు చెప్పొద్దన్నాడు, రిటైరయ్యాక పాత ఎంజీబీ స్పోర్ట్స్ కారు కొన్నాడు. ఇంగ్లండులో 1962 నుంచి 1980 దాకా 5 లక్షలకు పైగా తయారైన బండి అది. చూడటానికి రాజకుమారుడు, వెనక మాత్రం మన అంబాసిడర్ లెక్కనే కమాన్ కట్టలు. ఒకవైపు పట్టీ విరిగి బండి ఒరిగింది. రెండువైపులా మార్చాలన్నాను. ఒకటి కొత్తది, ఒకటి పాతది అయితే బండి మళ్లీ ఒరుగుతుంది. ఇంగ్లండు నుంచి జత తెప్పించాడు.

బాడీని స్టాండ్ల మీద నిలిపి, యాక్సిల్ కింద వేరే జాకీ పెట్టాను. జాకీ ఒక్కదాన్నే నమ్మి బండి కిందికి దూరకండి. యూ బోల్టులు విప్పి, యాక్సిల్ కొంచెం దించి, పాత కట్టలు తీశాను. కొత్త కట్ట ముందు కొస బాడీకి బోల్టుతో పడుతుంది. వెనక కొస షాకిల్ అనే ఊగే ముక్కకు వేలాడుతుంది. బరువు పడి విల్లు చదునైతే పొడుగు పెరుగుతుంది కదా, ఆ పెరిగే పొడుగుకు చోటివ్వడానికే షాకిల్. సెంటర్ బోల్టు తలను దాని రంధ్రంలో కూర్చోబెట్టి, యూ బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాను. ఆ ఊపులో, బండి ఇంకా గాల్లో ఉండగానే, కొసల బోల్టులు కూడా పానా పట్టి గట్టిగా బిగించేశాను. తప్పు అక్కడ చేశాను.

నాలుగు నెలలకు వాడు ఫోన్ చేశాడు. నర్సాపూర్ దాటి వస్తుంటే గతుకు గతుకుకూ కిర్రుమంటున్నదట. విప్పి చూస్తే బుష్‌ల రబ్బరు చిరిగి పేలికలైంది. సరుకు మంచిది కాదని ఇంగ్లండువాళ్లను తిట్టాను. రాత్రి పడుకుంటే నిద్ర పట్టలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, తొమ్మిదో తరగతిలో సారు స్ప్రింగ్ త్రాసు నా చేతికిచ్చి, రాయి తగిలించకముందు ముల్లు ఎక్కడుందో చెప్పమన్నారు. నేను చూడకుండానే సున్నా దగ్గరన్నాను. అది సున్నా దగ్గర లేదు. క్లాసంతా నవ్వింది. సారు నవ్వలేదు. "మొదలు సున్నా చూడు, తర్వాతే బరువు" అన్నారు.

బుష్‌కు కూడా సున్నా ఉంటుంది. బోల్టు బిగించగానే లోపలి గొట్టం కదలకుండా పట్టుబడుతుంది. ఇక కమాన్ ఎంత కదిలినా మధ్యలో రబ్బరు మెలిపడాల్సిందే. గాల్లో బిగిస్తే యాక్సిల్ వేలాడే చోటే దానికి సున్నా. బండి నేల మీద నిలబడిందంటే, కదలకపోయినా ఆ రబ్బరు రాత్రింబవళ్లు మెలిపడే ఉంటుంది. నేను చేసింది అదే.

నా డబ్బుతో బుష్‌లు తెప్పించాను. ఈసారి కొసల బోల్టులు వదులుగా ఉంచి, చక్రాలు వేసి, బండిని నేలకు దించి, నాలుగుసార్లు ఊపి, దాని బరువు మీద అది కుదురుకున్నాక బిగించాను. కిర్రు పోయింది.

సార్, మీరు ముందు వరుసలో ఉన్నారని తెలిసే ఇదంతా చెప్పాను. బండి బయట వేపచెట్టు కింద ఉంది. భోజనాలయ్యాక వాడు మిమ్మల్ని చర్చి దాకా తీసుకెళ్లి తెస్తాడు. సీట్లు రెండే, మిగతావాళ్లు అడగొద్దు. నట్లన్నీ పొద్దున ఇంకోసారి చూశాను. ఒక్కటి కూడా పావు చుట్టు తిరగలేదు.