గడ్డి ఎక్కడ పడాలో తేల్చుకున్నాకే బ్లేడు కొనండి

పోయిన ఎపిసోడ్‌లో జీరో టర్న్ మోవర్ నడపడం చూశాం కదా. ఇవాళ దాని కింద తిరిగే బ్లేడు గురించి, కోసిన గడ్డిని ఏం చేయాలన్న దాని గురించి మాట్లాడుకుందాం. "బ్లేడులో ఏముంది బ్రో, ఇనుప పట్టీయే కదా" అంటారేమో. నేనూ అలాగే అనుకున్నా. దానివల్ల ఒక కాంట్రాక్టు పోయింది. ఇంకోచోట ఒక చిన్న పాపకి దెబ్బ తగలాల్సింది, వెంట్రుకవాసిలో తప్పింది. రెండూ చెప్తా, చివరిదాకా చూడండి.

కొత్తగా చూస్తున్నవాళ్ల కోసం ఒక్క మాట. నేనుండేది టెక్సస్‌లో, డల్లాస్ పక్కన. మా బావకి ఇక్కడ లాన్ సర్వీస్ ఉంది, నేను అందులోనే పనిచేస్తా. అపార్ట్‌మెంట్లు, ఆఫీసు ఆవరణలు మాకు ఎక్కువ. ఎండ ఉన్నచోట బెర్ముడా గడ్డి, చెట్ల నీడ ఉన్నచోట సెయింట్ అగస్టీన్ గడ్డి ఉంటాయి. బెర్ముడాని ఒకటి రెండు అంగుళాల ఎత్తులో కోస్తాం. సెయింట్ అగస్టీన్‌ని అంత కిందకి కోస్తే పాడైపోతుంది, దాన్ని రెండున్నర అంగుళాల పైనే ఉంచాలి.

ఇప్పుడు బ్లేడు సంగతి. ఈ బ్లేడు చూడండి. పదును ముందు అంచుకి ఉంది. వెనక అంచు చూశారా, రెక్కలా పైకి వంగి ఉంది. అసలు కథంతా ఆ వంపులోనే. బ్లేడు తిరిగినప్పుడు ఆ రెక్క ఫ్యాన్‌లా పనిచేసి గాలిని పైకి లాగుతుంది. వాలిపోయిన గడ్డి నిటారుగా లేస్తుంది, పదును దాన్ని కోస్తుంది, అదే గాలి కోసిన గడ్డిని డెక్ బయటికి తోస్తుంది.

రెక్క ఎక్కువ వంగి ఉంటే హై లిఫ్ట్ బ్లేడు అంటారు. బాగా లాగుతుంది, దూరంగా విసురుతుంది, సంచిలోకి గట్టిగా కొడుతుంది. కానీ ఇంజన్ మీద బరువు పడుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, మోత కూడా ఎక్కువే. ఇసుక నేలలో అయితే ఇసుకని కూడా పైకి లాగేస్తుంది. ఆ ఇసుక రాసుకుని రెక్క తొందరగా అరిగి పల్చబడిపోతుంది. అలాంటి చోటుకి, దుమ్ము రేగే చోటుకి లో లిఫ్ట్ బ్లేడు మంచిది. ఈ రెండిటికీ మధ్యలో మీడియం లిఫ్ట్ కూడా దొరుకుతుంది.

మూడోది మల్చింగ్ బ్లేడు. ఇది కాస్త మెలికలుగా ఉంటుంది, పదును అంచు పొడవుగా ఉంటుంది. కొన్నిటికి రెక్క మీద పళ్లు కూడా ఉంటాయి, వాటిని గేటర్ బ్లేడ్లు అంటారు. గడ్డిని ఒకసారి కోసి వదిలేయకుండా డెక్‌లోనే తిప్పి తిప్పి చిన్న తునకలు చేసి కిందకి దించుతాయి. దీనికి తోడు మల్చ్ కిట్ అని ఒకటి వస్తుంది. డెక్ లోపల అడ్డుపట్టీలు బిగించి, గడ్డి బయటికి పోయే దారి మూసేస్తారన్నమాట.

సో, కోసిన గడ్డికి మూడు దారులు. పక్కకి విసరడం, అక్కడే తునకలు చేసి వదలడం, సంచిలో పట్టడం. ఇక నా మొదటి కథ.

ఏప్రిల్ నెల. వారం పైన వానలు, ఆ అపార్ట్‌మెంట్‌కి వెళ్లడం కుదరలేదు. గడ్డి మోకాలికి కాస్త కిందదాకా వచ్చేసింది. ఆ రోజు బావ ఊళ్లో లేడు. నేను వీడియోలు చూసి మల్చ్ కిట్ బిగించా, మల్చింగ్ బ్లేడ్లు పెట్టా. గడ్డి కనపడకుండా మాయమైపోతుంది, మేనేజర్ మెచ్చుకుంటాడు అనుకున్నా. తడి గడ్డి, అదీ ఏపుగా పెరిగిన గడ్డి, బయటికి పోయే దారి లేదు. డెక్ లోపల పిడకలా అతుక్కుపోయింది. పది అడుగులకొకసారి పచ్చటి ముద్ద ఒకటి దబ్బున పడేది. రెండు రోజుల్లో ఆ ముద్దల కింద గడ్డి పసుపు రంగుకి తిరిగింది. మేనేజర్ ఫొటోలు తీసి పంపాడు. ఆ నెలాఖరుకి కాంట్రాక్టు వేరేవాళ్లకి వెళ్లిపోయింది.

బావ తిట్టలేదు. "ఒరేయ్ బామ్మర్దీ, బ్లేడు బాగాలేక కాదురా, గడ్డిని అడగకుండా పెట్టావు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ గుర్తే.

గడ్డిని అడగడం అంటే ఇదీ. ఒకటి, తడిగా ఉందా పొడిగా ఉందా? రెండు, ఎంత పెరిగింది? ఒక్కసారి కోతలో మూడో వంతు కంటే ఎక్కువ తీయకూడదు. మూడు, కోసింది ఎక్కడ పడితే ఇబ్బంది లేదు?

వారం వారం కోస్తూ, పొడిగా ఉన్న గడ్డి అయితే మల్చింగ్‌ని మించింది లేదు. ఆ తునకలు మట్టిలో కలిసి నత్రజనిని తిరిగి ఇస్తాయి, ఆ మేరకు ఎరువు ఆదా. తునకలు వదిలితే నేల మీద పీచు పొర పేరుకుంటుందని చాలామంది భయపడతారు. అది నిజం కాదు. తునకల్లో ఎక్కువ భాగం నీరే, తొందరగా కుళ్లిపోతాయి. టెక్సస్ ఎ అండ్ ఎం యూనివర్సిటీ విస్తరణ విభాగం వాళ్లు "డోంట్ బ్యాగ్ ఇట్" పేరుతో ఇదే చెప్తూ వచ్చారు. అంటే సంచిలో పట్టకండి, లాన్‌లోనే వదలండి అని.

తడిగా, ఏపుగా ఉంటే మల్చ్ కిట్ తీసేయండి. హై లిఫ్ట్ బ్లేడు వేసి పక్కకి విసరండి. ఎత్తు పెంచి ఒకసారి కోసి, రెండు మూడు రోజులాగి మళ్లీ కోస్తే ముద్దలు పడవు. పూలమొక్కలు, స్విమ్మింగ్ పూల్, కార్లు ఉన్నవైపు గడ్డి పోకుండా కాలితో నొక్కితే దారి మూసుకునే పరికరం ఉంటుంది. చ్యూట్ బ్లాకర్ అంటాం. మా మెషీన్లకి పెట్టించిన వాటిలో బాగా పనికొచ్చింది అదే.

మరి సంచి, అంటే బ్యాగర్ ఎప్పుడు? ఆకులు రాలే కాలంలో, కలుపు గింజ పట్టినప్పుడు, గడ్డికి తెగులు వచ్చినప్పుడు, లేదా ఆఫీసు ముందు ఒక్క తునక కూడా కనపడకూడదని కస్టమర్ అడిగినప్పుడు. లెక్క మాత్రం వేసుకోండి. ఒక్కోసారి సంచి ఖాళీ చేసి రావడానికి నాలుగు నిమిషాలు అనుకుందాం. పదిసార్లు అంటే నలభై నిమిషాలు. ఆ గడ్డిని ట్రక్కులో మోయాలి, పారబోసే చోటు వెతకాలి. ఆ టైమ్ మీ కొటేషన్‌లో లేకపోతే అది మీ జేబులోంచే పోతుంది.

ఇంకోటి. పక్కకి విసిరినప్పుడు రోడ్డు మీద పడిన గడ్డిని మురుగు కాలువలోకి ఊదేయకండి. చాలా ఊళ్లలో అది నేరం. పైగా తడి గడ్డి మీద బైకు జారుతుంది. బ్లోయర్‌తో తిరిగి లాన్‌లోకే ఊదండి.

ఇక రెండో కథ. ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది. డెక్ పక్కన గడ్డి బయటికి వచ్చేచోట రబ్బరు మూత ఉంటుంది కదా, డిఫ్లెక్టర్. చెట్ల పక్కన తగులుతోందని దాన్ని పైకెత్తి తాడుతో కట్టేశా. హై లిఫ్ట్ బ్లేడ్లు. బ్లేడు కొస వేగం నిమిషానికి 19,000 అడుగులు దాటకూడదని అమెరికాలో ప్రమాణం ఉంది. అంటే గంటకి దాదాపు 347 కిలోమీటర్లు. ఆ హద్దుకి దగ్గర్లో తిరిగే బ్లేడు కొసకి ఒక గులకరాయి తగిలింది. పార్కింగ్‌లో ఉన్న కారు వెనక అద్దం పొడి పొడి అయిపోయింది. అదే కారులో అవతలివైపు ఒకమ్మ పాపని సీట్లో కూర్చోబెడుతోంది. పాప ఏడుపు విని నా కాళ్లు వణికాయి. అదృష్టం, గీత కూడా పడలేదు. అద్దం డబ్బులు మేమే కట్టాం. ఆ తాడుని బావ ట్రక్కు డాష్‌బోర్డు మీద పెట్టాడు, ఇప్పటికీ అక్కడే ఉంది.

అందుకే గట్టిగా చెప్తున్నా. ఏ బ్లేడైనా పెట్టండి, డిఫ్లెక్టర్ మాత్రం కిందకే ఉండాలి. ఉంటే డిఫ్లెక్టర్ ఉండాలి, లేదంటే మల్చ్ కిట్ గానీ సంచి గానీ ఉండాలి. ఖాళీగా మాత్రం వదలొద్దు.

కొనేటప్పుడు మూడు కొలతలు. బ్లేడు పొడవుని ఒక కొస మూల నుంచి అవతలి కొస ఎదురు మూలకి, ఐమూలగా కొలవండి. మధ్య రంధ్రం గుండ్రమా, నక్షత్రం ఆకారమా, ఎంత సైజో చూడండి. తర్వాత వెడల్పు, మందం. 60 అంగుళాల డెక్‌కి సాధారణంగా మూడు బ్లేడ్లు, మూడూ ఒకే రకం, ఒకేసారి మార్చండి.

మార్చే ముందు స్పార్క్ ప్లగ్ వైరు పీకండి, గ్లోవ్స్ వేసుకోండి. జాకీ ఒక్కదాన్నే నమ్మి డెక్ కింద చేయి పెట్టకండి, స్టాండ్లు పెట్టండి. పదును పెట్టాక బ్లేడుని గోడకున్న మేకుకి తగిలించి చూడండి. ఒకవైపు కిందకి వాలితే ఆ వైపు ఇంకాస్త రుద్దాలి. బ్యాలెన్స్ లేని బ్లేడు స్పిండిల్ బేరింగులని తినేస్తుంది. మొద్దుబారిన బ్లేడు గడ్డిని కోయదు, చీల్చుతుంది. మర్నాడు లాన్ మీద తెల్లటి పొర పట్టినట్టు కొసలు ఎండిపోతే, తప్పు మీ బ్లేడుదే. మేం రోజూ పొద్దున్నే పదును పెట్టిన సెట్‌తోనే బయల్దేరతాం.

హైదరాబాద్‌లో గేటెడ్ కమ్యూనిటీల లాన్లు చూసే తమ్ముళ్లు కూడా ఇది చూస్తుంటారు. మీ మెషీన్ చిన్నదే కావచ్చు, కానీ జూలై వానల్లో తడి గడ్డి అక్కడా ఇక్కడా ఒకటే. ముందు గడ్డిని అడగండి, తర్వాత బ్లేడు బిగించండి.

వచ్చే ఎపిసోడ్‌లో ఆ నలభై నిమిషాలు కొటేషన్‌లో ఎలా రాయాలో లెక్కలతో చూద్దాం. అందాకా డిఫ్లెక్టర్ కిందకి, చేతులు డెక్‌కి దూరంగా. ఉంటాను మరి.