ఏడాదికి రెండు నెలల ఐస్‌తో ఇండియాకి ఆడిన అమ్మాయిలు

ఈరోజు మన అమ్మాయిల ఐస్ హాకీ టీమ్ గురించి మాట్లాడుకుందాం. "ఇండియాకి ఐస్ హాకీ టీమ్ కూడా ఉందా?" అంటారా? ఉందండీ. 2025లో యూఏఈలోని అల్ ఐన్‌లో జరిగిన ఆసియా కప్‌లో కాంస్యం కూడా గెలిచింది. కానీ నేను చెప్పాలనుకుంటున్నది ఆ పతకం గురించి కాదు, దానికి ముందున్న తొలి రెండేళ్ల గురించి.

ముందు ఆట సంగతి. ఒక్కో టీమ్ నుంచి ఐస్ మీద ఆరుగురు ఉంటారు. 20 నిమిషాల చొప్పున మూడు పీరియడ్లు. బంతి ఉండదు, పక్ అనే గట్టి రబ్బరు బిళ్ల ఉంటుంది. స్కేట్స్ వేసుకుని దాన్ని స్టిక్‌తో కొట్టాలి.

మన టీమ్‌లో ఎక్కువమంది లద్దాఖ్ అమ్మాయిలే. లేహ్ ఊరు దాదాపు 3,500 మీటర్ల ఎత్తులో ఉంటుంది. చలికాలంలో అక్కడ చెరువులు గడ్డకడతాయి. రాత్రిపూట పైన నీళ్లు పోసి ఐస్‌ని చదును చేసుకుంటారు. అదే వాళ్ల గ్రౌండ్! డిసెంబర్ ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా, అంటే సుమారు రెండు నెలలు. ఎండ ముదిరితే గ్రౌండ్ కరిగిపోతుంది. మన దగ్గర వానొస్తే ఒకరోజు క్రికెట్ ఆగుతుంది కదా, వాళ్లకి మిగతా పది నెలలూ ఆట ఆగినట్టే.

ఇక 2016. ఆసియా ఛాలెంజ్ కప్ కోసం మన అమ్మాయిల టీమ్ మొదటిసారి తైపీ వెళ్లింది. చేతిలో డబ్బుల్లేక ఆన్‌లైన్‌లో జనం దగ్గర చందాలు సేకరించాల్సి వచ్చింది. అక్కడికి వెళ్లాక ఇంకో చిక్కు. చెరువు ఐస్ వేరు, మెషిన్‌తో తయారైన రింక్ ఐస్ వేరు. అక్కడ నున్నగా ఉంటుంది, స్పీడ్ ఎక్కువ. చుట్టూ ఎత్తయిన బోర్డులుంటాయి, పక్ వాటికి తగిలి ఎటు తిరిగొస్తుందో లెక్క వేసుకోవాలి. ఆ లెక్క చెరువు మీద ఎలా వస్తుంది? ఆ టోర్నీలో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

స్కోర్‌బోర్డ్ మాత్రమే చూసినవాళ్లు "వీళ్లకెందుకు ఈ ఆట" అనేసి ఉంటారు. కానీ ఏడాది తిరిగేసరికి ఏమైందో చూడండి. 2017, బ్యాంకాక్. ఫిలిప్పీన్స్ మీద 4-3తో గెలిచారు. అంతర్జాతీయ మ్యాచ్‌లో మన అమ్మాయిలకి అదే తొలి గెలుపు! తర్వాత మలేసియా మీద 5-4. రెండూ ఒక్క గోల్ తేడాతోనే. అంటే చివరి నిమిషం దాకా ఊపిరి బిగబట్టి కాపాడుకున్నవే.

2018 జనవరిలో కెనడా స్టార్ హేలీ వికెన్‌హైసర్ లద్దాఖ్ వచ్చి వీళ్లతో ఆడారు. ఆమెకి నాలుగు ఒలింపిక్ స్వర్ణాలున్నాయి. అదే ఏడాది మన టీమ్ కెనడా వెళ్లి ఆమె పేరుతో జరిగే టోర్నమెంట్‌లో ఆడింది.

నాకు ఇక్కడ అర్థమైంది ఒక్కటే. ఒక టీమ్‌ని తూచాలంటే ముందు వాళ్లకి ఎన్ని రోజుల ఐస్ దొరికిందో అడగాలి, ఆ తర్వాతే స్కోర్ అడగాలి. కెనడాలో పిల్లలకి ఊరూరా ఇండోర్ రింకులున్నాయి. మనకి డెహ్రాడూన్‌లో 2011లో కట్టిన పెద్ద రింక్ ఏళ్ల తరబడి మూతపడే ఉంది. 2025లో మళ్లీ తెరిచారు. అది తెరిచే ఉండాలి, కరెంటు బిల్లు భారమని మళ్లీ తాళం వేయకూడదు. లద్దాఖ్ పాపకి మే నెలలో కూడా ఐస్ దొరకాలి. అప్పుడు కదా అసలు స్కోర్ తెలిసేది!

మీ ఊళ్లో గ్రౌండ్ లేకుండానే ఆట నేర్చుకున్న అమ్మాయిలెవరైనా ఉన్నారా? ఏ ఆటో కామెంట్‌లో రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి.