తంత్రీవాద్య నిర్మాణమును మన చేతిపనియు



కార్యనిర్వాహకులు నన్ను కులవృత్తుల పునరుద్ధరణమను విషయముపై మాటాడుమని కోరిరి. ఆ పేరిట ఇదివఱకు నాలుగైదు సభలలో నేను ఉపన్యసించియే యున్నాను. విన్నవారు కరతాళధ్వనులు చేసిరి. మఱునాడు ఎవరి పనికి వారు పోయిరి. ఏ వృత్తియు పునరుద్ధరింపబడలేదు. కావున ఈమాఱు ఒక్క వస్తువును గుఱించి మాత్రమే చెప్పెదను. ఆ వస్తువు గిటారు. అందును విద్యుచ్ఛక్తితో మ్రోగు గిటారు. కొందఱు నవ్వుచున్నారు. నవ్వవచ్చును. పూర్వమొక సభలో ఈ వాద్యమును పరదేశపు గోల యని నేనును నిందించితిని. ఆ మాటను ఉపసంహరించుకొనుటకే నేడిచ్చట నిలిచితిని.

1963వ సంవత్సరము మన స్వర్ణకారుల యిండ్లలో మఱవరాని యేడు. ఆ జనవరి మాసమున బంగారు నియంత్రణ నిబంధనలు వెలువడి, పదునాలుగు క్యారెట్లకు మించిన నగలు క్రొత్తగా చేయరాదని శాసించెను. ఎన్ని యిండ్లలో కుంపట్లు చల్లారినవో, ఎందఱు పెద్దలు మూసకట్టెలు అటకమీద పెట్టి కూలికి పోయిరో ఈ సభలోని వృద్ధులకు తెలియును. ఆ నిబంధనలు 1968లో చట్టరూపము దాల్చి, 1990లో గాని తొలగలేదు.

అదే 1963వ సంవత్సరమున, ఆగస్టు మాసములో, లండను నగరపు పొలిమేరలోని ఫెల్తాము అను చోట ఒక తండ్రియు కొడుకును ఇంటిలోనే ఒక విద్యుత్ గిటారును చేయ నారంభించిరి. తండ్రి హెరాల్డు మే, ప్రభుత్వపు విమానశాఖలో ఎలెక్ట్రానిక్సు పనిచేయు ఉద్యోగి. కొడుకు బ్రయను మే, పదునాఱేండ్ల విద్యార్థి. అంగడిలోని మంచి గిటారును కొనుటకు వారికి శక్తి చాలలేదు. లేకున్న మనమే చేసికొందమని పూనుకొనిరి. వారు వడ్రంగులు కారు. వారి వంశమున ఉలి పట్టినవారున్నారని నే నెచ్చటను వినలేదు.

వారు వాడిన సామగ్రిని వినుడు. గిటారు మెడకు, అనగా మన వీణకు దండివంటి భాగమునకు, ఒక పాత యింటి నిప్పుగూటిపై నుండిన మహాగనీ దూలపుముక్కను తీసికొనిరి. అందు పురుగు తొలిచిన రంధ్రములుండగా అగ్గిపుల్లలతో పూడ్చిరి. దేహమున కొక పాత బల్లలోని ఓకు కఱ్ఱ. తీగల బిగువును క్షణములో సడలించి మరల బిగించు యంత్రమునకు పాత మోటారు సైకిలు వాల్వుల స్ప్రింగులు. ఆ యంత్రము తిరుగుటకు ఆనుకొనునది ఒక కత్తియంచు. దాని పిడికొనకు తల్లి యల్లికసూది తునక. మెట్లనడుమ గుర్తులకు ఆమె కుట్టుపెట్టెలోని ముత్యపుచిప్ప గుండీలు. స్వరమును గ్రహించు తీగచుట్టలను సయితము ఆ బాలుడే చుట్టెను గాని, తీగను ప్రక్కకు లాగినపుడు వింతరొద వచ్చుటచే, అవి మాత్రము తరువాత కొనవలసివచ్చెను. ఏడాదికి పైగా పని సాగెను.

ఆ వాద్యమును బ్రయను మే తన క్వీను బృందముతో 1973లో వెలువడిన తొలి ఆల్బమునుండియు వాయించుచునే యున్నాడు. ఆ బృందపు గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ మన దేశమున పంచగనిలో చదువుకొనిన పారశీకుడని కొందఱైన నెఱుగుదురు. 2002లో బకింగుహాము రాజభవనపు కప్పుపై నిలిచి బ్రయను మే వాయించినది ఆ నిప్పుగూటి కఱ్ఱనే. 2007లో ఖగోళభౌతికశాస్త్రమున ఆయన డాక్టరేటు పొందెను. చదువు చేతిపనికి అడ్డు రాలేదు. చేతిపని చదువునకును అడ్డు రాలేదు. మనలో "పిల్లవాడు చదువుకొన్నాడు, ఇంక బాడిస ముట్టరాదు" అను తండ్రులకు ఈ మాట ప్రత్యేకముగా విన్నవించుచున్నాను. అట్టి తండ్రులలో నేనొకడను.

ఇక పని మాట. మన వీణకు ఇరువదినాలుగు మెట్లు. మే తండ్రీకొడుకుల గిటారునకును ఇరువదినాలుగే. సంఖ్య కలిసినను స్వభావము వేఱు. వీణమెట్లను మైనమును బొగ్గుపొడియు కలిపిన ముద్దలో నిలిపెదరు. చెవికి సరిపడకున్న మైనమును కాచి, మెట్టును నూలుపోగంత జరిపి, మరల నొక్కవచ్చును. రామామాత్యుడు 1550లో రచించిన స్వరమేళకళానిధియందు వీణపై మెట్లుంచవలసిన తావులను స్వరసంవాదమును బట్టి నిర్ణయించెను. అనగా అది చెవి శాస్త్రము. గిటారు మెట్టు అట్లు కాదు. కఱ్ఱను రంపముతో కోసి, ఆ గాటిలో లోహపుతీగను సుత్తితో దిగగొట్టవలెను. కోసినది కోసినదే. మైనము మన తప్పును క్షమించును, కఱ్ఱ క్షమింపదు.

ఆ కొలత యెట్లన, తల దగ్గఱ తీగలానుకొను మేరువు మొదలు గుఱ్ఱము వఱకు 650 మిల్లీమీటర్లనుకొనుడు. దానిని 17.817చే భాగింపగా 36.48, అది మొదటి మెట్టు తావు. మిగిలిన 613.52ను మరల ఆ సంఖ్యచేతనే భాగింపగా 34.43, అది మొదటి మెట్టునుండి రెండవదానికి దూరము. ఇట్లు పండ్రెండుమాఱులు చేసిన, పండ్రెండవ మెట్టు సరిగా నడుమ 325 వద్ద పడును. అచ్చట నొక్కిన తీగ పై స్థాయి షడ్జమును పలుకును. శాస్త్రజ్ఞుడైన గెలీలియో తండ్రి విన్సెంజో గెలీలి 1581లో ప్రకటించిన గ్రంథమున, చేతిలెక్కకు సులభముగా 18 అను సంఖ్యను చెప్పెను. ఆ లెక్కచే పండ్రెండవ మెట్టు రెండు మిల్లీమీటర్లకు పైగా తలవైపు జరుగును. అయినను నొక్కునపుడు తీగ బిగువెక్కి స్వరము కొంచెము హెచ్చును గనుక, ఆ కాలపువారికి ఒక లోపము మఱియొక లోపమును సరిదిద్దెను. నేడు మెట్లను సరియైన లెక్కకే కోసి, గుఱ్ఱమును ఇసుమంత వెనుకకు జరిపి యా హెచ్చును సరిపెట్టెదరు.

ఇంతయు తెలిసియు నేను చెడగొట్టితిని. నా కుమారుడు ఇంజనీరింగు చదివి బెంగుళూరున ఉద్యోగము చేయుచు, సెలవులకు వచ్చినపుడు గిటారు చేయుదమనెను. నేను మొదట నవ్వి, పిదప ఒప్పుకొని, మెట్లు కోయు పనిని నేనే తీసికొంటిని. ప్రతి మెట్టును మేరువునుండియే కొలువవలెనని అతడు చెప్పెను. "నలువదియేండ్లుగా కొలతకఱ్ఱ పట్టినవాడను, నాకు నేర్పవచ్చితివా" అని గద్దించి, వృత్తలేఖినితో ఒక మెట్టునుండి మఱియొక మెట్టునకు గుర్తులు వేసికొనుచు పోతిని. ఒక్కొక్కచో పొరపాటు పావు మిల్లీమీటరును మించలేదు. ద్వారబంధమున అది తప్పే కాదు. కాని పండ్రెండు పావులు కలిసి మూడు మిల్లీమీటర్లు. తీగలు బిగించి మీటగా క్రింది షడ్జమునకును పై షడ్జమునకును పొత్తు కుదరలేదు. అతడు ఏమియు అనలేదు. మఱునాటి రైలుకు వెడలిపోయెను. రెండు మాసములు మా యింట ఆ మాట యెవరును ఎత్తలేదు. దసరాకు రమ్మని, కొలతలు నీవే వేయుమని, నేనే ఫోనుచేసి చెప్పితిని. తండ్రి అట్లనుట ఎంత కష్టమో ఈ సభలో కొందఱికి తెలియును.

రెండవ గిటారు కుదిరినది. దాని మెడ మా తాతగారి యింటి ద్వారబంధపు టేకు. పాత యిండ్లు పడగొట్టినపుడు మనవారు ఆ కఱ్ఱను వంటచెఱకు వెలకు అమ్మివేయుచున్నారు. ఎన్నో వేసవులకు ఎండి, ఎన్నో వానలకు ఉబ్బి, కదలిక మానిన కఱ్ఱ అది. మెడకు కావలసినదియు అదియే. ఆఱు తీగల బిగువు కలిసి సుమారు నలువదియైదు కిలోల బరువుతో రేయింబవళ్లు మెడను ముందునకు లాగును. పచ్చికఱ్ఱ వంగిపోవును. అందులకే మెడలో ఉక్కుకడ్డీ నొకదానిని దాచి, మరచీలతో బిగించెదరు. ఆ కడ్డీ మన కమ్మరుల పని.

మెడపై అతికించు పలకకు లోకమంతట పేరొందినది మన దక్షిణదేశపు ఇరుగుడు కఱ్ఱ. బ్రెజిలు దేశపు ఆ జాతి కఱ్ఱ అరుదైపోవుటచే 1960 దశకము చివరనుండి అమెరికా గిటారు శాలలు మన ఇరుగుడువైపు తిరిగెను. కఱ్ఱ మనది, పని వారిది. నాకు ఇది బాధ కలిగించుచున్నది. ఆ కఱ్ఱపై ఇప్పుడు అంతర్జాతీయ నియమములున్నవి. కొనువారు కాగితములు చూచికొని కొనుట మంచిది.

ఇక స్వరమును గ్రహించు పికప్పు. అయస్కాంతముచుట్టు సుమారు ఎనిమిదివేల చుట్లు రాగితీగ. ఆ తీగ దళసరి 0.06 మిల్లీమీటరు, మన తలవెండ్రుకవంటిది. ఉక్కుతీగ కదలినపుడు అయస్కాంత క్షేత్రము చలించి, రాగిచుట్టలో విద్యుత్తు పుట్టును. దానినే పెద్దదిచేసి వినిపించెదరు. వీణమీది ఇత్తడితీగల పలుకు ఈ పికప్పునకు వినబడదు. తెలియక ఖర్చు పెట్టిన వైణికుని నేనెఱుగుదును. ఈ చుట్ట చుట్టుటకు మా యూరి స్వర్ణకారులు, నాకు వరుసకు బావగారు, పూనుకొనిరి. తీగ మూడుమాఱులు తెగెను. నాలుగవమాఱు వారు కన్నులు మూసికొని వ్రేళ్లతోనే బిగువు చూచుచు చుట్టిరి. కమ్మచ్చులో బంగారుతీగ లాగిన వ్రేళ్లకే ఆ బిగువు తెలియును. ఎన్నో యేండ్లుగా పనిలేని వ్రేళ్లవి.

కఱ్ఱ వడ్రంగిది, కడ్డీ కమ్మరిది, ఇత్తడిగుఱ్ఱము కంచరిది, తీగచుట్ట స్వర్ణకారునిది. శిల్పులు తమకు పాలులేదని అలుగవలదు. అయస్కాంతమును పూర్వులు శిలగానే యెంచిరి; ఉలికి పదును పెట్టునదియు శిలయే. ఐదు చేతులు ఒకచోట కూడు వస్తువులు ఈ కాలమున మఱి యెన్ని యున్నవి?

ఇది పరదేశవాద్యమను ఆక్షేపణకు పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాసుగారి (1969–2014) పేరు చెప్పిన చాలును. ఐదు తీగల విద్యుత్ మాండొలినుపై వారు కర్ణాటక సంగీతమును వాయింపగా, అది పరదేశపుదని ఏ సభయు లేచిపోలేదు. వీణను విడువుమని నేననుట లేదు. బొబ్బిలి ప్రాంతమున గొల్లపల్లిలో పనసకఱ్ఱ నొక్కదానినే తొలిచి వీణలు చేయువారికిని, నూజివీటివారికిని నేను చేతులెత్తి మ్రొక్కెదను. గిటారు పట్టుకొనిన పడుచువాడు ఏనాడైన వారి గుమ్మమునకును పోవును.

ఆదాయము మాటలో నేను కల్ల చెప్పను. కర్మాగారములు చేయు గిటారు మన కఱ్ఱవెలకే అంగడిలో దొరకును. దానితో పోటీకి దిగినవాడు మునుగును. కాని నగరములలో వేలకొలది గిటారులున్నవి. అరిగిన మెట్లను ఆకురాయితో సరిచేయుటకు, మేరువు మార్చుటకు, గుఱ్ఱపు ఎత్తు కుదుర్చుటకు నేర్పరులు కొలదిమందియే. మా కుమారుడు ఆదివారములందు ఆ పని చేయుచున్నాడు. మొదట బాగుచేయుటను నేర్చి, పిదప చేయుటను నేర్వవలెనని నా అభిప్రాయము. ఉన్న ఉద్యోగమును విడిచి దీనిలో దూకుమని ఏ పిల్లవానికిని చెప్పను.

పోషకులకు ఒక మనవి. ప్రతియేట శాలువలకు వెచ్చించు సొమ్ములో కొంత తీసి, మన విద్యార్థి వసతిగృహమున ఒక గదిని పనిశాలగా నీయుడు. ఒక గట్టి పనిబల్ల, రెండు తోపడాలు, మంచి రంపము, మెట్లు కోయు సన్నరంపము, ఆకురాళ్లు, ఉక్కు కొలబద్ద, తీగచుట్టు చిన్నయంత్రము చాలును. వారమునకు రెండు సాయంకాలములు నేను వచ్చి నేర్పెదను. కొలతలు నా కుమారుడు నేర్పును. బాలికలను కూడ చేర్చుకొనవలెను. తీగచుట్టు పనిని మా బావగారి మనుమరాలు ఇప్పటికే ఆయనకంటె శుభ్రముగా చేయుచున్నది.

మేము చేసిన రెండు గిటారులను వేదికకు ఎడమప్రక్క బల్లపై నుంచితిమి. ముట్టవచ్చును, మీటవచ్చును. మొదటిదానిని దాచుదమని ఇంటివారనిరి, నేను ఒప్పుకొనలేదు. దాని పండ్రెండవ మెట్టు దగ్గఱ ఎఱ్ఱసిరాతో గీచిన గీటే సరియైన తావు.