రూటు వ్యానుకు గాలి సంచులు

(పాల సంఘాల కార్యదర్శులు, రూటు వాహనాల యజమానులైన సభ్యుల శిక్షణ తరగతిలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



లెక్కల పుస్తకాలు తనిఖీ చేసేవాళ్ళకు వ్యాను కింద ఏం పని అని మీలో కొందరికి అనిపించవచ్చు. మేము మెకానికల్ డిప్లొమా చదివి, ఆ తరువాత సహకార శాఖలోకి వచ్చినవాళ్ళం. అయితే ఈ విషయం ఎత్తుకోవడానికి కారణం అది కాదు. ఈమధ్య కొందరు రూటు వాహన యజమానులు కమాన్ పట్టీలకు తోడుగా గాలి సంచుల కిట్టు కొనుక్కొచ్చి ఇంటి వాకిట్లోనే బిగించుకుంటున్నారు. బిగించిన మరునాటి నుండి నాలుగు క్యాన్లు ఎక్కువ ఎక్కిస్తున్నారు. చిక్కంతా ఆ నాలుగు క్యాన్ల దగ్గరే వస్తోంది.

ఈ గాలి సంచి అంటే ప్రమాదంలో స్టీరింగులోంచి ఉబ్బి వచ్చేది కాదు. ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య నిలబడే గట్టి రబ్బరు బుడ్డి. సంగతి కొత్తదేమీ కాదు. అమెరికాలో జనరల్ మోటార్స్ వారు 1953లోనే దూరప్రయాణపు బస్సులను గాలి స్ప్రింగులతో అమ్మారు. మన దేశంలో 2001లో వోల్వో బస్సులు వచ్చాక, ఎక్కినవారందరికీ ఆ మెత్తదనం తెలిసింది. పికప్పు కిట్టులో మాత్రం అసలు పట్టీలు తీసివేయరు. పట్టీలు పట్టీలుగానే ఉంటాయి, సంచులు వాటికి చేయి ఆసరా ఇస్తాయి.

ఎంత ఆసరా ఇస్తాయో ఒక లెక్క చూద్దాం. ఆరంగుళాల అడ్డుకొలత గల సంచికి సుమారు 28 చదరపు అంగుళాల వైశాల్యం. దానిలో చదరపు అంగుళానికి 30 పౌండ్ల గాలి ఉంటే అది 840 పౌండ్లు, అంటే దాదాపు 380 కిలోలు మోస్తుంది. రెండు వైపులా కలిపి 760 కిలోలు. ఇది విన్న వెంటనే "అయితే 760 కిలోలు అదనంగా వేయవచ్చు గదా" అని లేచే సోదరులు ప్రతి సభలోనూ ఉంటారు. అలా వేయకూడదు. సంచి బరువును తినేయదు. తన నెత్తిన పెట్టుకున్న బరువును కిందనున్న ఇరుసు మీదనే దింపుతుంది. ఆ ఇరుసు, దాని బేరింగులు, టైర్లు, బ్రేకులు కంపెనీవారు ఇచ్చినవే. వెనుక భాగం కుంగకుండా నిలబడింది గనుక బండి బరువు మోయగలదని కంటికి భ్రమ కలుగుతుంది. మునుపు బండి కుంగి, ఇక చాలని మనకు చెప్పేది. ఇప్పుడు ఆ చెప్పే నోటిని మనమే మూసివేస్తున్నాము.

కనుక క్యాన్ల సంఖ్యను ఆర్.సి. పుస్తకం చూసి నిర్ణయించాలి. 40 లీటర్ల క్యానులో పాలు 41 కిలోల పైచిలుకు తూగుతాయి. మూతతో సహా ఖాళీ క్యాను ఎనిమిది కిలోలు అనుకోండి. మొత్తం 49 కిలోలు. మీ బండి మొత్తం బరువు 2,900 కిలోలు, ఖాళీ బరువు 1,600 కిలోలు అని రాసి ఉంటే మిగిలేది 1,300. అందులో డ్రైవరు, క్లీనరు కలిసి 140 కిలోలు తీసివేస్తే 1,160. దాన్ని 49తో భాగిస్తే 23 క్యాన్లు. ముప్పై క్యాన్లు ఎక్కించి వచ్చే బండ్లను మేము చూస్తూనే ఉన్నాము. మోటారు వాహనాల చట్టానికి 2019లో జరిగిన సవరణలో అధిక బరువుకు 20,000 రూపాయలు, ఆపైన అదనపు ప్రతి టన్నుకు 2,000 రూపాయలు జరిమానా అని ఉంది. గాలి సంచులు ఉన్నాయని ఎవరూ తగ్గించరు.

మరి ఈ కిట్టు ఎందుకు? మా అభిప్రాయంలో సంఘాలకు దీనివల్ల నిజమైన ప్రయోజనం ఒకటి ఉంది, దాన్ని మాత్రం అమ్మేవాళ్ళు చెప్పరు. క్యానులో పాలు గుంతల రోడ్డు మీద ఎగిరెగిరి పడితే, ముఖ్యంగా సగం నిండిన క్యాన్లలో, వెన్న పేరుకుంటుంది. డెయిరీలో మూత తీస్తే లోపలి వైపు పసుపుపచ్చని పలుకులు అంటుకొని కనబడతాయి. ఆ కొవ్వు శాంపిలు సీసాలోకి రాదు. సంఘం సభ్యులకు తన పరీక్ష ప్రకారం డబ్బు చెల్లించింది, డెయిరీ తన పరీక్ష ప్రకారం చెల్లిస్తుంది. వెయ్యి లీటర్లలో ఒక్క పాయింటు తేడా వచ్చినా, అంటే 0.1 శాతం, కిలో వెన్నకొవ్వు పోయినట్లు. ఆ నష్టం ఏ ఒక్కరి పాసు పుస్తకంలోనూ కనబడదు. సంవత్సరాంతంలో బోనసు తగ్గినప్పుడు అందరికీ కనబడుతుంది. బల్క్ కూలర్లు, టాంకర్లు వచ్చిన రూట్లలో ఈ బాధ తగ్గింది గాని, క్యాన్లలో పాలు వచ్చే రూట్లు ఇంకా ఉన్నాయి.

బండి కుంగకుండా ఉండాలని చాలామంది అదనపు పట్టీ వేయిస్తారు. దానితో నిండు బండి బాగానే ఉంటుంది. కాని మన బండి ఉదయం ఖాళీగా బయలుదేరుతుంది. మొదటి ఊళ్ళో నాలుగు క్యాన్లు, రెండో ఊళ్ళో ఆరు, అలా నిండుతూ పోతుంది. అదనపు పట్టీకి ఖాళీ, నిండు తేడా తెలియదు. మొదటి ఊరి పాలు దారి పొడుగునా చిలికినట్లు అవుతాయి. గాలిని మాత్రం తగ్గించవచ్చు, పెంచవచ్చు. అందువల్ల మేము పట్టీ కన్నా సంచి మేలంటాము, గాలి చూసుకునే ఓపిక ఉన్నవారికి. ఓపిక లేనివారు ఆ డబ్బుతో క్యాన్లకు మంచి మూతలు, రబ్బరు వాషర్లు కొని, క్యాన్లు మెడ దాకా నింపి పంపితే సగం లాభం వస్తుంది.

ఇక బిగించే పని. చదును నేల మీద, చక్రాలకు ముందూ వెనుకా దిమ్మలు పెట్టి మొదలుపెట్టండి. పని మొదలు కాకముందే ఖాళీ బండికి వెనుక చక్రం నడిమి నుండి మడ్‌గార్డు అంచు దాకా రెండు వైపులా కొలిచి రాసుకోండి. ఆ రెండు అంకెలు తరువాత అన్నిటికీ ఆధారం. జాకీ ఎత్తడానికే గాని నిలపడానికి కాదు. ఎత్తిన తరువాత ఛాసిస్ కింద స్టాండ్లు పెట్టనిదే తల లోపల పెట్టకూడదు. ఇటుకలు, సిమెంటు దిమ్మెలు పెట్టి కింద పడుకునేవారిని చూస్తే మాకు గుండె ఝల్లుమంటుంది. ఇటుక చెప్పాపెట్టకుండా పగులుతుంది. ఇంట్లో పనే గదా, ఒక్క నిమిషమే గదా అనుకునేవాళ్ళే ఎక్కువగా బండి కింద నలుగుతారు. పక్కన మరొక మనిషి ఉండాలి.

చాలా కిట్లలో రబ్బరు బంపు స్టాపరు తీసి, ఆ చోటునే పై బ్రాకెట్టు బిగించాలి. కింది బ్రాకెట్టు ఇరుసు మీద, పట్టీల కట్ట మీద కూర్చుంటుంది. పట్టీలను ఇరుసుకు పట్టి ఉంచే అసలు యూ-బోల్టులను విప్పవద్దు. ఛాసిస్‌కు కొత్తగా రంధ్రం వేయడం గాని, వెల్డింగు చేయడం గాని పనికిరాదు. అలా చేయనిదే సరిపోవడం లేదంటే ఆ కిట్టు మీ బండికి తయారైనది కాదు, తిరిగి ఇచ్చివేయండి. సంచి ఉబ్బినప్పుడు చుట్టూ ఏదీ తగలకూడదు. సైలెన్సరు గొట్టం వైపున్న సంచికి కిట్టుతో వచ్చిన రేకు అడ్డం తప్పక పెట్టాలి. బ్రాకెట్ల మధ్య కూర్చోని సంచిలో, ఎలా ఉబ్బుతుందో చూద్దామని, గాలి పెట్టవద్దు. అడ్డు లేని సంచి పేలితే ప్రమాదం.

గాలి గొట్టాన్ని పదునైన బ్లేడుతో నిట్టనిలువుగా కోయాలి. కటింగు ప్లయరుతో నొక్కి కోస్తే మొన నలిగి, అక్కడి నుండే గాలి కారుతుంది. గొట్టం బ్రేకు పైపులకు, వేడి గొట్టానికి, పదును అంచులకు దూరంగా పోవాలి. రెండు సంచులకూ ఒకే వాల్వు చాలునని టీ ముక్క పెట్టేవారు ఉన్నారు. మలుపులో బండి ఒకవైపు ఒరిగితే ఆ వైపు సంచి నలిగి, గాలి అవతలి సంచిలోకి పోతుంది, బండి మరింత ఒరుగుతుంది. పైన క్యాన్లలో పాలు కూడా అటే పరుగెత్తుతాయి. కనుక ఎడమకు ఒకటి, కుడికి ఒకటి వేరుగా వాల్వులు పెట్టండి. అవి టైరు వాల్వుల వంటివే గనుక ఏ పంక్చరు షాపులోనైనా గాలి పట్టించుకోవచ్చు. బిగింపు అయ్యాక గాలి నింపి ప్రతి అతుకు మీదా సబ్బు నీళ్ళు రాసి బుడగలు చూడండి. గేజీ అంకె రాసుకొని, మరునాడు మళ్ళీ చూడండి. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక బోల్టులన్నీ మరొకసారి బిగించండి.

ఖాళీ బండిలో కూడా కనీసం 5 పౌండ్లు ఉంచాలి. బొత్తిగా గాలి లేకపోతే రబ్బరు మడతల్లో నలిగి చిరుగుతుంది. గరిష్ఠం ఎంతో కిట్టు కాగితంలో ఉంటుంది. ప్రతి ఊళ్ళోనూ దిగి గాలి పెట్టనవసరం లేదు. బయలుదేరేటప్పుడు ఒకసారి, సగం రూటులో ఒకసారి చాలు. క్యాన్లు దించిన తరువాత గాలి తగ్గించడం మాత్రం మరువరాదు.

అన్నిటికన్నా మేము భయపడేది బ్రేకు విషయం. చాలా పికప్పుల్లో వెనుక ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య ఒక సన్నని కడ్డీతో కలిపిన లోడ్ సెన్సింగ్ వాల్వు ఉంటుంది. బండి కుంగితే బరువుందని తెలుసుకొని వెనుక బ్రేకులకు ఎక్కువ ఒత్తిడి పంపుతుంది. మనం సంచులతో నిండు బండిని ఖాళీ బండి ఎత్తుకు లేపామనుకోండి. వాల్వు దృష్టిలో బండి ఖాళీ. వెనుక బ్రేకు బలహీనంగా పడుతుంది, అదీ నిండు బరువు మీద. చెరువు కట్ట దిగేటప్పుడు అది తెలిసివస్తుంది. కనుక బరువుతో ఉన్న బండిని మీరు రాసుకున్న ఖాళీ కొలత దాకా ఎన్నడూ లేపకండి, కొంత కుంగనివ్వండి. ఆ కడ్డీని మీరే వంచి సరిచేయకుండా కంపెనీ సర్వీసు కేంద్రంలో సరిచేయించండి. ఆ తరువాత జనం లేని చోట ఖాళీగా ఒకసారి, సగం బరువుతో ఒకసారి బ్రేకు వేసి చూసుకోండి.

1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఆర్.సి.లోని వివరాలకు, కంపెనీ నిర్దేశాలకు విరుద్ధంగా బండిని మార్చకూడదంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దాన్నే గట్టిగా చెప్పింది. కాబట్టి కిట్టు కొనకముందే రవాణా కార్యాలయంలో అడిగి, బీమా కంపెనీకి ఉత్తరం రాసి, జవాబు కాగితం మీద తీసుకోండి. నోటిమాట ప్రమాదం రోజున పనికిరాదు.

చివరిగా కార్యదర్శులకు ఒక మాట. వ్యాను సభ్యునిదే, పాలు సంఘానివే గదా అని కిట్టు ఖరీదును రవాణా ఖర్చు కింద రాసివేసిన పుస్తకాలు మా ముందుకు వచ్చాయి. సొంత బండికి సంఘం సొమ్ము ఖర్చు చెల్లదు. అడ్వాన్సుగా ఇవ్వదలచుకుంటే ముందు పాలకవర్గ తీర్మానం, యజమానితో ఒప్పందం, నెలనెలా కిరాయి బిల్లులో ఎంత కోత అన్నది ఉండాలి. బండి యజమాని పాలకవర్గ సభ్యుడైతే ఆ తీర్మానంలో ఆయన పాల్గొనరాదు. తీర్మానం నకలు, బీమా కంపెనీ జవాబు, ఆర్.సి. ప్రకారం ఎన్ని క్యాన్లో వేసిన లెక్క, ఈ మూడూ ఒకే ఫైలులో పెట్టండి. క్యాన్ల సంఖ్య మాత్రం వ్యాను తలుపు లోపలివైపు పెద్ద అక్షరాలతో రాయించండి, క్లీనరుకు కూడా కనబడేటట్లు.